రాజీనామానా, తొలగింపా? అమెరికాలో ఏది మేలు?

“మీరే రాజీనామా చేస్తారా, మిమ్మల్ని మేమే తీసేయమంటారా? సాయంత్రం అయిదు లోపు చెప్పండి.” డాలస్‌లో మా తమ్ముణ్ణి వాళ్ల మేనేజరు ఇలా అడిగారు. రాజీనామా అయితే రికార్డు శుభ్రంగా ఉంటుందని నచ్చజెప్పారు కూడా. వాడు రాజీనామా ఈమెయిల్ రాసేసి, పంపబోయే ముందు నాకు ఫోను చేశాడు. పంపవద్దన్నాను.

మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నింటిలో కారణం చెప్పకుండానే ఉద్యోగిని తీసేయవచ్చు. దాన్నే ‘ఎట్ విల్’ అంటారు. అయితే జాతి, మతం, లింగం, పుట్టిన దేశం, వైకల్యం, 40 నిండిన వయసు చూసి తీసేసినా, వివక్షపై ఫిర్యాదు చేశారని కక్షగట్టి తీసేసినా అది చట్టవిరుద్ధమే. రాజీనామా రాశామంటే ‘తనే వెళ్లిపోయాడు’ అనే మాట యాజమాన్యానికి అందించినట్టే. బలవంతంగా రాయించారని నిరూపించే భారం ఇక మనదే.

ఉద్యోగం పోయాక హెచ్‌-1బి వీసా వారు దేశంలో ఉండి కొత్త దారి చూసుకోవడానికి దొరికే 60 రోజుల గడువు రెండు దారుల్లోనూ ఒకటే. దేశంలో ఉండేందుకు ఇచ్చిన అనుమతి గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. రాజీనామా చేసినంత మాత్రాన అదనంగా ఒక్క రోజూ కలిసిరాదు. పైగా ఆ అనుమతి గడువు తీరకముందే తొలగిస్తే స్వదేశానికి వెళ్లే ప్రయాణ ఖర్చు యాజమాన్యమే ఇవ్వాలి. తనంతట తాను మానేసిన వారికి ఇవ్వనక్కరలేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు రాజీనామా చేస్తే నిరుద్యోగ భృతి కూడా పోయే ప్రమాదం ఉంది.

కొత్త ఉద్యోగం ఖాయమై, అక్కడి కంపెనీ వీసా పిటిషన్ దాఖలు చేసి ఉంటే రాజీనామా మంచిదే. లేదంటే తొలగింపే మేలని నా గట్టి నమ్మకం.

తొలగింపులో జాగ్రత్తపడాల్సింది పరిహారం కాగితం దగ్గర. ఇన్ని వారాల జీతం ఇస్తామంటూనే, దావా వేసే హక్కు వదులుకుంటున్నట్టు సంతకం అడుగుతారు. 40 ఏళ్లు నిండినవారు వయసు వివక్షపై హక్కు వదులుకోవాలంటే ఆలోచించుకోవడానికి 21 రోజులు, మూకుమ్మడి తొలగింపైతే 45 రోజులు ఇవ్వాలి. సంతకం చేశాక 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. అంతకంటే చిన్నవారికి ఆ చట్టం వర్తించదు కానీ, వారం గడువు అడగడంలో తప్పేమీ లేదు.

మా తమ్ముడు అదే అడిగాడు, ఇచ్చారు. ఆ వారంలో లాయరుకు చూపిస్తే, వాడని సెలవుల డబ్బు లెక్కలోకి రాలేదని తేలింది.