నిమ్మగడ్డి నూనె మంచిదే, ఆ లేబులే ప్రమాదం

కడప ఏడు రోడ్ల దగ్గర ఒక మూలికల షాపులో నిమ్మగడ్డి నూనె కొన్నాను. లేత పసుపు రంగు, ఘాటైన వాసన. నీళ్లలో కొన్ని చుక్కలేసి తుడిస్తే ఇల్లంతా హాయిగా ఉంది. కానీ సీసా మీద ‘క్యాన్సర్ కణాలను చంపుతుందని ల్యాబ్‌లో రుజువైంది’ అని రాశారు.

నేను బయోటెక్నాలజీ చదివాను, ఆ పరీక్ష చేశాను కూడా. 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటులో కణాలు పెంచి, డీఎంఎస్‌వో అనే ద్రావకంలో కలిపిన నూనె వేస్తారు. తర్వాత ఎంటీటీ అనే పసుపు ద్రావణం వేస్తే, బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. ఊదా పలచబడితే కణాలు తగ్గినట్టు. అంతే! అక్కడ కాలేయం లేదు, రక్తం లేదు. మంచి కణాలు కూడా చస్తున్నాయా అన్నది వేరుగా చూడాలి. బిళ్లగన్నేరులోని విన్‌క్రిస్టిన్ అయినా మనుషుల మీద ట్రయల్స్ దాటాకే క్యాన్సర్ మందయింది.

కీమోలో ఉన్న మా అత్తలాంటి వాళ్లు ఇది నమ్మి తాగితే ఎట్లా? షాపు అన్నా, లేబుల్ మీద ఆ మాట తీసేయండి.