చలికి మాడిన కరివేపాకు: ఇప్పుడే కొట్టేయాలా, వసంతం దాకా ఆగాలా?

అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో కుండీ కరివేపాకుకు ఉన్న మర్యాద మరే మొక్కకూ ఉండదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గడ్డకట్టే రాత్రి బయట మర్చిపోతే, ఆకులు వేడినీళ్లు పోసినట్టు వాడి, కొద్ది రోజుల్లో నల్లబడి రాలిపోతాయి. పోతే ఇంకోటి కొందాంలే అనుకోవడం కూడా అంత తేలిక కాదు. కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందినది. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు దీని మీదా బతుకుతుంది. అందుకే కాలిఫోర్నియా, టెక్సస్, ఫ్లోరిడాల్లో క్వారంటైన్ ఉన్న చోట్ల నుంచి మొక్కను బయటికి పంపడానికి ఆంక్షలున్నాయి.

ముందు దెబ్బ ఎలాంటిదో చూడాలి. 50 ఫారెన్‌హీట్ (10 సెల్సియస్) కంటే చల్లబడితే ఆకులు పసుపుపచ్చగా మారి రాలచ్చు. అది చాలాసార్లు నిద్రే, చావు కాదు. 32 కంటే దిగితేనే కణజాలంలో మంచు కట్టి కొమ్మలు పాడవుతాయి.

వెంటనే కత్తిరిస్తే కంటికి బాగుంటుంది, టెన్షనూ తగ్గుతుంది. కానీ చావు ఎంత కిందికి దిగిందో మొదటి వారాల్లో తెలియదు. బతికున్న కొమ్మను కొట్టేయచ్చు, లేదా చచ్చిన చోట కోసి మళ్లీ మళ్లీ కోయాల్సి రావచ్చు. పైగా కోత పడితే మొక్క చిగురేయాలని చూస్తుంది. చలికాలపు వెలుగులో ఆ చిగురు బలహీనంగా వస్తుంది.

ఆగడమే మేలని నా అభిప్రాయం. చూడటానికి కట్టెలా ఉంటుంది, ఇంటికొచ్చినవాళ్లు పారేయమంటారు, పట్టించుకోకండి. వసంతంలో పైనుంచి మొదలుపెట్టి గోటితో బెరడు గీకండి. లోపల గోధుమరంగులో ఎండిపోయి ఉంటే ఇంకాస్త కింద గీకండి. పచ్చదనం, తడి కనిపించిన చోటికి కాస్త పైన కోయండి. కాండమంతా ఎండినా కుండీ పారేయొద్దు, వేరు నుంచి పిలకలు రావచ్చు. మామూలుగా ఇది అంటుకట్టిన మొక్క కాదు కాబట్టి ఆ పిలకలూ కరివేపాకే. అంటుకట్టిన నిమ్మకు ఈ ధీమా లేదు, అంటు కింద నుంచి వచ్చేది వేరే చెట్టు.

ఒక్క మినహాయింపు ఉంది. మెత్తబడి, నల్లగా కుళ్లిన భాగాన్ని మాత్రం ఆగకుండా తీసేయాలి. కలబంద, మనీప్లాంట్ లాంటి మెత్తటి మొక్కల్లో ఈ కుళ్లు తొందరగా పాకుతుంది, కాబట్టి వాటికి వెంటనే కోతే మేలు.

ఈలోగా ఎక్కడ పెట్టాలి? హీటర్ గాలి తగిలే చోటు వద్దు, పొడిగాలికి ఎర్రనల్లి పడుతుంది. చీకటి గ్యారేజీ కంటే వెలుగొచ్చే చల్లటి గది నయం. రాత్రులు 50కి తగ్గకుండా నిలకడపడ్డాకే బయటికి, అదీ మొదట నీడలోకి.

చలి తర్వాత ఇలాంటి మొక్కలు తరచుగా నీళ్లు ఎక్కువై చస్తాయి. ఆకుల్లేకపోతే నీటి వాడకం బాగా తగ్గిపోతుంది. రెండంగుళాల లోతున వేలికి పొడిగా తగిలితేనే పోయండి. కుండీ మార్చడం, ఎరువు, అందరూ చెప్పే పుల్లమజ్జిగ కూడా కొత్త రెమ్మలు నిలదొక్కుకున్నాకే.