బంకమట్టిలో నుసి బంగారం: ప్యాడిల్ మిక్సరు, హెక్సామెటాఫాస్ఫేట్ పొడి – నాలుగేళ్ల వాడకం తర్వాత

ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో, బెండిగో, డనోలీ, మేరీబరో చుట్టుపక్కల బంగారం వెతికేవాళ్లకి గులకరాళ్ల కింద తగిలేది బంకమట్టే. నుసి బంగారం దిగుతూ దిగుతూ వచ్చి ఆ బంక పై పొరలో ఇరుక్కుంటుంది. ఆ మట్టిని విడగొట్టడానికి నాలుగేళ్లుగా వాడుతున్న సామాను ఇది: 1400 వాట్ల రెండు చేతుల ప్యాడిల్ మిక్సరు (టైల్స్ పనివాళ్లు గమ్ము కలుపుకునేది), మూతలున్న 20 లీటర్ల బకెట్లు, సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ పొడి. మిక్సరుకి 5కి నాలుగున్నర ఇస్తాను. పొడికి 3. పైసా ఖర్చు లేని ఎండకి 5కి 5. ఎండ పని ఎండని చెయ్యనివ్వకుండా పొడి మీద డబ్బు తగలేసేవాళ్లే ఎక్కువ.

ఒక మాట ముందే. ఇక్కడ మైనర్స్ రైట్ (బంగారం వెతుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) ఉంటే తవ్వకానికి యంత్రాలు లేని చేతి పనిముట్లే వాడాలి. కాబట్టి ఈ మిక్సరు వాగు ఒడ్డుకి పట్టుకెళ్లే వస్తువు కాదు. సొంతదారు ఒప్పుకున్న ప్రైవేటు భూమి నుంచి తెచ్చిన మట్టిని ఇంటి పెరట్లో కడుక్కోవడానికి మాత్రమే.

బంకని విడగొట్టకుండా స్లూస్‌లో (నీళ్లు పారుతుంటే బంగారాన్ని అడుగున ఆపే వాలు తొట్టిలో) పోస్తే రెండు నష్టాలు. గడ్డలు గోలీల్లా దొర్లుతూ, దారిలో అప్పటికే ఆగి ఉన్న నుసిని కూడా ఒంటికి అద్దుకుని బయటికి పోతాయి. రెండోది కంటికి ఆనదు: సగం కరిగిన బంక నీటిని గంజిలా చిక్కబరుస్తుంది, అందులో సన్నటి రేకు కిందికి దిగేలోపే ప్రవాహం దాన్ని దాటించేస్తుంది. బంగారం సాంద్రత 19.3, ఇసుకది 2.65 అన్న లెక్క తేట నీళ్లలో మనకి పనికొచ్చినంతగా చిక్కటి బురదలో పనికిరాదు.

ఏ మట్టికి ఏం కావాలో గాజు గ్లాసే చెప్తుంది. పూర్తిగా ఎండిన మట్టి బెడ్డని, శనగగింజంత, వాననీళ్ల గ్లాసులోకి మెల్లగా వదలండి. కదపొద్దు. రెండు గంటలకి ఒకసారి, మర్నాడు ఒకసారి చూడండి. బెడ్డ విచ్చుకుని దాని చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే అది సోడియం ఎక్కువున్న మట్టి. దానికి ఏ పొడీ అక్కర్లేదు, నీళ్లూ మిక్సరూ చాలు. విచ్చుకుని చిన్న పలుకులుగా కూలిపోయినా నీళ్లు తేటగానే ఉన్నాయంటే, పలుకుల్ని కాల్షియం లాంటివి పట్టి ఉంచుతున్నాయన్నమాట. పొడి పనిచేసేది ఇక్కడే. అసలు విచ్చుకోకుండా రాయిలా కూర్చుంటే అది ఇనుప తుప్పుతో గట్టిపడ్డ సరుకు. దానికి రోలూ రోకలీ తప్ప మందు లేదు. రంగు చూసి తేల్చేద్దామనుకుంటే పొరపాటే. ఎర్రటిదల్లా మొండిదీ కాదు, తెల్లటిదల్లా మెత్తనిదీ కాదు.

ఎండబెట్టడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పచ్చి బంక రంధ్రాల్లో అప్పటికే నీళ్లు నిండి ఉంటాయి, వారం నానబెట్టినా కొత్త నీళ్లు లోపలికి పోవు. పై పొర జారుడుగా తయారవుతుంది, నడుమ గడ్డ గడ్డలాగే ఉంటుంది. అదే గలగలలాడేలా ఎండితే, నీళ్లు పడగానే ఆ తడి రంధ్రాల్లోకి పాకి, లోపలి గాలిని నెట్టి, గడ్డని లోపల్నుంచే పగలగొడుతుంది. బుడబుడమని బుడగలు వినిపిస్తాయి, అంచుల నుంచి పెచ్చులు రాలి, సున్నపు గడ్డ విరిసినట్టు పది నిమిషాల్లో కుప్పగా కూలుతుంది. కాబట్టి తెచ్చిన రోజే నల్లటి ప్లాస్టిక్ పట్టా మీద రెండు అంగుళాల మందం మించకుండా పరచాలి, గడ్డల్ని పారతో చిదపాలి. ఇక్కడ జనవరి అంటే నడివేసవి, ఆ ఎండకి మూడు రోజులు పడుతుంది. చలికాలం జులైలో ఎండుతుందన్న ఆశ వద్దు, షెడ్డులో అట్టే పెట్టండి. ఎండిందో లేదో తెలియాలంటే గడ్డని విరిచి చూడాలి. లోపల రంగు ముదురుగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టే. సగం ఎండినదాన్ని నానేస్తే పచ్చిదానికీ దానికీ పెద్ద తేడా రాదు.

ఇక మిక్సరు. మామూలు డ్రిల్లుకి ప్యాడిల్ తగిలిస్తే రెండు మూడు బకెట్లకే మోటారు వాసన వస్తుంది. నిమిషానికి 450–500 చుట్లు తిరిగే గేరున్న మిక్సరే కావాలి. వేగం పెంచితే నడుమ సుడి పడి గాలి లాగేస్తుంది, నురగ వస్తుంది, నుసి బంగారం నురగనంటి పైకి తేలుతుంది. ప్యాడిళ్లలో సరుకుని పైనుంచి కిందికి తోసేవి పెయింటుకి, అడుగు నుంచి పైకి లేపేవి మోర్టారుకి. మనకి రెండో రకమే, 120 మి.మీ. సైజు.

చాలామంది మొదట్నుంచే నీళ్లు ఎక్కువ పోస్తారు. అప్పుడు గడ్డలు ప్యాడిల్ నుంచి తప్పించుకుని ఈదుతుంటాయి. 5 కిలోల ఎండు మట్టికి 4 లీటర్లే పోసి రాత్రంతా నానబెట్టి, ఇడ్లీ పిండి చిక్కదనంలో ఐదు నిమిషాలు తిప్పాలి. ఆ చిక్కదనంలో ఇసుక రేణువులే ఒకదాన్నొకటి రాసుకుని బంకని ఒలిచేస్తాయి. ఆ తర్వాత ఇంకో 7–8 లీటర్లు పోసి పల్చటి మజ్జిగలా చేసి మరో రెండు నిమిషాలు తిప్పాలి. వేళ్ల మధ్య రుద్దితే గరగర తప్ప జారుడు తగలకూడదు. 2 మి.మీ. జల్లెడలో పోస్తే పైన రాళ్లే మిగలాలి. ఒక్క మట్టి గోలీ కనిపించినా దాన్ని మళ్లీ ఎండకే వెయ్యండి.

నాలుగేళ్లలో మిక్సరులో అరిగినవి: కార్బన్ బ్రష్షులు ఒకసారి మార్చాల్సి వచ్చింది. ప్యాడిల్‌ని బిగించే ఎం14 సైజు మరకి గ్రీజు రాయకుండా వదిలేస్తే ప్యాడిల్ బిగుసుకుపోతుంది. స్విచ్చులో ఎండు మట్టి చేరి మొరాయించడం ఇంకొకటి, పని అవ్వగానే తడిగుడ్డతో తుడిస్తే రాదు. ప్యాడిల్ రాసుకుని బకెట్ అడుగు నుంచి ప్లాస్టిక్ తురుము లేస్తుంది. దానితో బాధ లేదు, తేలిపోతుంది. ప్యాడిల్ తుప్పు మాత్రం బంగారంతో పాటు అడుగున మిగిలే నల్ల ఇసుకలో కలుస్తుంది, చివర్లో అయస్కాంతం తిప్పితే వచ్చేస్తుంది. తడి చేతులూ కరెంటూ కలిసే పని కనక సేఫ్టీ స్విచ్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) లేని ప్లగ్గులో దీన్ని పెట్టొద్దు.

పొడి సంగతికొస్తే, గ్లాసు పరీక్షలో రెండో రకం మట్టికి ఇది నిజంగా పనిచేస్తుంది. బంక పలుకుల్ని అతికించే కాల్షియాన్ని ఫాస్ఫేట్ పట్టేసుకుంటుంది, ఆ చోట సోడియం చేరుతుంది, పలుకులన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కొలత మట్టి ప్రయోగశాలల్లోదే: లీటరు నీళ్లకి 33 గ్రాముల పొడి, 7 గ్రాముల వాషింగ్ సోడా. ఆ ద్రావణం అరలీటరు, నానబెట్టే 4 లీటర్లలో భాగంగానే, ఒక బకెట్‌కి సరిపోతుంది. గోరువెచ్చటి నీళ్లని కలుపుతూ పొడిని చల్లాలి. ఒక్కసారి గుమ్మరిస్తే అడుగున గాజులా అంటుకుపోతుంది. కలిపిన ద్రావణం నెల దాటితే బలం తగ్గుతుంది, ఎందుకంటే నీళ్లలో అది మెల్లగా మామూలు ఫాస్ఫేట్‌గా విరిగిపోతుంది. పొడి డబ్బాకి గాలి తగిలినా గడ్డకడుతుంది.

ఎక్కువేస్తే ఇంకా మంచిదనుకోవద్దు. మోతాదు మించితే అంత సోడియమూ కలిసి పలుకుల్ని తిరిగి దగ్గరికి తోస్తుంది, బురద మళ్లీ పెరుగులా విరుగుతుంది. బోరు నీళ్లు వాడినా ఇదే గొడవ, నీళ్లలోని కాల్షియమే పొడినంతా తినేస్తుంది. వాననీళ్ల ట్యాంకే మేలు. ఉప్పు, సున్నం, పటిక, వెనిగర్ వేస్తే బంక కరుగుతుందని చెప్పేవాళ్లున్నారు. నాలుగూ సరిగ్గా ఎదురు పని చేసేవే. పాత్రల సబ్బు ఈ దశలో వద్దు, మిక్సరు కింద అది నురగే.

సిమెంటు మిక్సరు ఎందుకు కాదని అడిగేవాళ్లకి: ఎక్కువ సరుకుంటే అదే నయం, కానీ ఖాళీ డ్రమ్ములో బంక దొర్లి దొర్లి ఉండలు కడుతుంది. పిడికిలంత రాళ్లు ఎనిమిదో పదో వెయ్యాలి, నీళ్లు ధారాళంగా పొయ్యాలి. అంతకంటే ముఖ్యం, సెకండ్‌హ్యాండ్ డ్రమ్ముకి లోపల అంటుకున్న పాత సిమెంటు పెచ్చులు కాల్షియాన్ని వదులుతాయి. పొడి ఎంత వేసినా మట్టి విడదు, తప్పంతా పొడి మీదకి పోతుంది.

విడిపోయిన మజ్జిగని రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, పైనున్న బురద నీళ్లు మెల్లగా వేరే తొట్టిలోకి వంచాలి. 50 మైక్రాన్ల (మైక్రాను అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఇసుక రేణువు తేట నీళ్లలో సెకనుకి 2 మి.మీ.కి పైగా దిగుతుంది. 20 మైక్రాన్ల గుండ్రటి బంగారు రేణువు 4 మి.మీ. దాకా దిగుతుంది. రేకులు నెమ్మది కనక రెండు నిమిషాలు. నీళ్లు పోసి వంచడం మూడు నాలుగుసార్లు చేస్తే అడుగున శుభ్రమైన ఇసుక మిగులుతుంది. దాన్ని 20, 50 మెష్ (అంగుళానికి అన్ని కన్నాలున్న) జల్లెడల్లో వేరు చేసి, ఏ సైజుకా సైజు ప్యాన్ చెయ్యాలి, అంటే వెడల్పు పళ్లెంలో నీళ్లతో తిప్పి బంగారాన్ని వేరు చెయ్యాలి. ఒక్క చుక్క సబ్బు వెయ్యాల్సింది ఇక్కడ, అంటే ప్యాన్‌లో, తేలే నుసి మునగడానికి.

పద్ధతి పనిచేస్తోందో లేదో లెక్కపెట్టి చూసుకోవచ్చు. 50 మెష్ దగ్గరి సైజు బంగారు నలుసులు ఇరవై లెక్కపెట్టి, బంగారం లేని బంకలో పిసికి, ఎండబెట్టి, మొత్తం తతంగం నడపండి. 18 కంటే తక్కువ వస్తే వంచిన నీళ్లని, రాళ్ల మీద మిగిలిన జిగటని చూడాలి. తప్పు ఎప్పుడూ ఆ రెండు చోట్లే.

మిగిలిన బురద నీళ్లే అసలు తలనొప్పి. 1850లలో బెండిగోలో గుర్రాల పడ్లర్లు ఉండేవి, మన సున్నపు గానుగ లాంటి గుండ్రటి కాలువలే, గుర్రం తిరుగుతుంటే అందులో బంక నలిగేది. ఆ బురద బెండిగో క్రీక్‌ని పూడ్చేసింది. మన బకెట్లో ఫాస్ఫేట్ కూడా ఉంది కనక వాగులోకీ వానకాలువలోకీ ఒక్క చెంబు కూడా పోనివ్వకూడదు, నాచు పెరుగుతుంది. బకెట్‌కి 40–50 గ్రాముల జిప్సం పొడి వేసి బాగా కలిపి వదిలేస్తే మర్నాటికి పైన తేట, కింద మడ్డి. ఊళ్లో బిందె నీళ్లకి చిల్లగింజ అరగదీసి వేసినట్టే. ఆ తేటని మళ్లీ మట్టి నానబెట్టడానికి వాడారో, జిప్సంలోని కాల్షియం కొత్త పొడిని చంపేస్తుంది. ఆ నీళ్లు రాళ్లు కడగడానికి, పెరట్లో గడ్డికి. మా ఇంట్లో అందుకే రెండు డ్రమ్ముల మీద రెండు రంగుల టేపు ఉంది.