ఎనిమిదిన్నర టన్నులు తీసేసి ఐదు టన్నులు పెట్టాం: మా ప్రెస్ ఏసీల సంగతి

మా డిజిటల్ ప్రింటింగ్ హాలు సుమారు 1,000 చదరపు అడుగులు. మొదటి మూడేళ్లు ఎనిమిదిన్నర టన్నుల డక్ట్ ఏసీ వాడాం. దాన్ని తీసేసి ఆరేళ్లుగా రెండు ఇన్వర్టర్ క్యాసెట్ ఏసీలు (సీలింగ్‌లో అమర్చేవి, అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేవి) వాడుతున్నాం, ఒకటి 3 టన్నులు, ఇంకొకటి 2 టన్నులు. టన్నులు తగ్గించాకే మా హాల్లో హాయిగా పని చేసుకోగలుగుతున్నాం.

మొదటిసారి ఏసీ అమ్మినాయన టేపు పెట్టి హాలు కొలిచి, అక్కడికక్కడే సైజు చెప్పేశాడు. అద్దాలు ఏ దిక్కున ఉన్నాయో చూడలేదు, ఎన్ని మెషిన్లు నడుస్తాయో అడగలేదు. "కాస్త పెద్దదైతే త్వరగా చల్లబడుతుంది, కంప్రెసర్ మీద లోడు పడదు" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

నిజంగానే త్వరగా చల్లబడేది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆరేడు నిమిషాల్లో 24 డిగ్రీలకు వచ్చి కంప్రెసర్ ఆగిపోయేది. కాసేపటికే మళ్లీ టక్కుమని స్టార్టయ్యేది, ఆ క్షణం లైట్లు ఒకసారి మసకబారేవి. రోజంతా ఇదే వరస. గాలిలో తేమ, ఏసీలో గాలిని చల్లబరిచే కాయిల్ మీద నీళ్లయి డ్రెయిన్ పైపులోంచి బయటికి పోవాలంటే, కాయిల్ కొంతసేపు ఆగకుండా చల్లగా ఉండాలి. మా ఏసీలో నీళ్లు పట్టేలోపే కంప్రెసర్ ఆగేది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండేది కాబట్టి కాయిల్ మీది తడి ఆరిపోయి, ఆ తేమ మళ్లీ హాల్లోకే వచ్చేది. చల్లగా ఉన్నా ఒళ్లంతా జిడ్డుగా ఉండేది. వానాకాలంలో తేమ మీటర్ 70 శాతం దగ్గరే ఉండేది.

మాకంటే ముందు కాగితం చెప్పింది. పొద్దున రీము విప్పి ట్రేలో పెడితే మధ్యాహ్నానికి అంచులు అలల్లా లేచేవి. ఆర్ట్ పేపర్ రెండో వైపు ప్రింటయ్యేసరికి రిజిస్ట్రేషన్, అంటే రెండు వైపుల ప్రింటు ఒకదానికొకటి సరిగ్గా కుదరడం, వెంట్రుక వాసి తప్పేది. జామ్‌లు సరేసరి. మెషిన్‌దే తప్పనుకుని రోలర్లు కూడా మార్పించాను. 1902లో విల్లిస్ క్యారియర్ ఆధునిక ఏసీకి రూపం ఇచ్చింది కూడా బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్‌లో కాగితానికి తేమ పట్టకుండా చూడటానికేనని తర్వాత తెలిసింది. నూరేళ్ల కిందటే తేలిన విషయం మాకు మూడేళ్ల నష్టం తర్వాత తెలియడం చాలా బాధేసింది.

రెండోసారి కొనేముందు వేడి లెక్క వేయించాం. టన్ను అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని బయటికి తోయడం. ఎనిమిది మంది మనుషులకు దాదాపు ఒక కిలోవాట్. మెషిన్లు, లైట్లు కలిపి ఐదు. అవి తాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. పడమటి అద్దాల మీద మధ్యాహ్నం ఎండకే నాలుగు. పైకప్పు, గోడలు, బయటి నుంచి తీసుకునే గాలి కలిపితే మొత్తం 19 దాకా వచ్చింది, అంటే ఐదున్నర టన్నులు. అద్దాలకు బయటివైపు నీడ కట్టించాం. ఐదు టన్నుల లోపుకు దిగింది. ఏసీ కంటే ముందు ఎండను ఆపమని గట్టిగా చెప్తాను.

ఇక ఈఈఆర్. ఒక వాట్ కరెంటుకు గంటకు ఎన్ని బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి లాగుతుందన్నదే ఈ అంకె. ఐదు టన్నులంటే గంటకు 60,000 బీటీయూలు. ఈఈఆర్ 10 అయితే 6,000 వాట్లు, 12 అయితే 5,000 వాట్లు. పది గంటలు ఫుల్ లోడులో నడిస్తే రోజుకు పది యూనిట్ల తేడా. కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఏసీ ఫుల్ లోడులో నడవదు. అందుకే నేను తక్కువ లోడులో ఎంత తాగుతుందో చెప్పే సీజనల్ రేటింగే ముందు చూశాను. పొద్దున 2 టన్నులది ఒక్కటే సరిపోతుంది, ఎండ ముదిరాక రెండోది వేస్తాం. ఒకటి రిపేర్‌కొచ్చినా పని ఆగదు. పాతదానితో పోలిస్తే యూనిట్లు మూడో వంతు తగ్గాయి, అందులో నీడ వాటా కూడా ఉంది. ఇన్వర్టర్ కదా, ఎంత పెద్దదైనా సర్దుకుంటుందిలే అనుకోవద్దు. దానికీ ఒక కనీస వేగం ఉంటుంది, అంతకంటే లోడు తగ్గితే అదీ ఆగి ఆగి నడవాల్సిందే.

లోపాలూ ఉన్నాయి. మండుటెండల్లో వారం పది రోజులు మధ్యాహ్నం పూట 26 డిగ్రీల కంటే దిగదు. కెపాసిటీ లెక్కలు మామూలుగా బయట 35 డిగ్రీలకు ఇస్తారు, ఆపైన ఎండ పెరిగేకొద్దీ తగ్గుతుంది. అయినా తేమ 50-55 శాతం మధ్య ఉండటంతో ఎవరూ ఇబ్బంది పడలేదు. కాగితం పొడికి ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగాలి, లేకపోతే గాలి తగ్గిపోతుంది. మొదట్లో అవుట్‌డోర్ యూనిట్లను ఇరుకు సందులో పెట్టించాం. చెయ్యి పెట్టి చూస్తే అది వదిలిన వేడిగాలే తిరిగి దానిలోకి పోతోంది. మేడ మీదికి మార్పించాక కంప్రెసర్ మోత కూడా తగ్గింది.

వచ్చే నెల ఇంకో ప్రింటర్ వస్తోంది, రెండు కిలోవాట్లది. అంటే అర టన్నుకు కాస్త పైన. ఏసీ జోలికి పోకుండా, ముందు పైకప్పుకు ఇన్సులేషన్ వేయిస్తున్నాం.