రెసిస్టివిటీ ఇమేజింగ్ సెట్: కాంటాక్ట్ చెక్ కోసమే ఈ రివ్యూ

48 ఎలక్ట్రోడ్ల (నేలలో దిగ్గొట్టే లోహపు మేకుల) రెసిస్టివిటీ సెట్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. భూమిలోకి కరెంటు పంపి, వోల్టేజీ కొలిచి, అడుగున ఏముందో అంచనా వేయడం ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. నేను మనసారా మెచ్చుకునేది కాంటాక్ట్ చెక్‌ని. కొలతలు మొదలయ్యే ముందే ఏ మేకు నేలను సరిగా పట్టుకుందో, ఏది పట్టుకోలేదో చెప్పేస్తుంది.

ఎండిపోయిన గులకరాళ్ల నేలలో ఓసారి దాని విలువ బాగా తెలిసొచ్చింది. అదే లైన్‌ మీద అంతకుముందు వేరే బృందం సర్వే చేసింది. వాళ్ల బొమ్మలో మధ్యన నిట్టనిలువుగా ఓ సన్నని చార ఉంటే, రాతిలో పగులు అని రాసిచ్చి బోరు పాయింట్ అక్కడే పెట్టారు. మేం కేబుల్ పరిచి చెక్ నడిపితే చాలా మేకుల దగ్గర మేకుకీ నేలకీ మధ్య నిరోధం 2 కిలో ఓమ్‌ల లోపే ఉంది. సరిగ్గా ఆ చార ఉన్నచోట మూడు మేకుల దగ్గర మాత్రం 20 దాటింది. అంత నిరోధం ఉంటే కరెంటు సరిగా దిగదు, వోల్టేజీ చిన్నదైపోయి నాయిస్‌లో కలిసిపోతుంది. మేకుల్ని ఇంకా లోతుగా కొట్టాం, ఉప్పునీళ్లు పోశాం, మొండికేసిన చోట పక్కనే ఇంకో మేకు దింపి రెంటినీ తీగతో కలిపాం. నిరోధం దిగింది. కొలిచి చూస్తే చార లేదు! లైన్ పొడవునా పరుచుకున్న తక్కువ నిరోధకత పొర (కరెంటును తేలిగ్గా పోనిచ్చేది) ఒకటి కనిపించింది. అప్పటికీ నమ్మకం కుదరక కరెంటు మేకుల్నీ వోల్టేజీ మేకుల్నీ తారుమారు చేసి మళ్లీ కొలిచాం. ఎటు నుంచి కొలిచినా విలువ ఒకటే రావాలి, దాదాపు అలాగే వచ్చింది. లేని పగులు మీద బోరు వేయడం తప్పింది.

అయితే నా సెట్‌లో ఈ చెక్ మొదట ఒక్కసారే నడుస్తుంది. డైపోల్-డైపోల్ (కరెంటు మేకుల జంటనీ వోల్టేజీ మేకుల జంటనీ విడివిడిగా పెట్టి కొలిచే పద్ధతి) లాంటి పొడవాటి కొలతల వరుస పెడితే పోసిన తడి మధ్యలోనే ఆరిపోతుంది, అది దానికి తెలీదు. అందుకే సగంలో ఆపి మళ్లీ చెక్ చేస్తాను. పైగా కాంటాక్ట్ ఎంత బాగున్నా, తక్కువ నిరోధకత బంకమట్టిదా ఉప్పునీటిదా అన్నది ఈ బొమ్మ ఒక్కటే తేల్చదు. 5 మీటర్ల ఎడంతో 235 మీటర్ల లైన్ వేస్తే వెన్నర్ పద్ధతిలో (నాలుగు మేకుల్నీ సమాన ఎడంతో వాడేది) 40 మీటర్ల లోతు దాకా అందుతుంది. ఆ అడుగు అంచుని మాత్రం నేనెప్పుడూ గట్టిగా నమ్మను.

నావి ఎక్కువగా పొడి రాతినేలలు కాబట్టి చెక్ లేని సెట్ మళ్లీ ముట్టుకోను. తడి మట్టిలో పనిచేసేవాళ్లకు దీని అవసరం అంతగా రాకపోవచ్చు. ఒక పాయింట్‌లో లోతు చూసుకుంటే చాలనుకునేవాళ్లకు మామూలు నాలుగు మేకుల మీటరే తేలిక, మోయాల్సిన కేబుల్ కూడా తక్కువ.