నక్కలగుట్టలో చిగుళ్ల క్లీనింగ్, 1,200 రూపాయలు

బ్రష్ చేస్తే ఉమ్ములో రక్తం. ఆర్నెల్లు పట్టించుకోలేదు. మా బాపు పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. నోటి బ్యాక్టీరియాకూ ఆ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని ఎక్కడో చదివాక టెన్షన్ పట్టుకుంది. హనుమకొండ నక్కలగుట్టలో ఓ చిన్న డెంటల్ క్లినిక్‌కు వెళ్లాను.

పదకొండింటికి రమ్మని పన్నెండున్నరకు పిలిచారు. అందుకు ఒక స్టార్ కోత.

కుర్చీలో పడుకున్నాక మాత్రం వంక పెట్టలేను. డాక్టరమ్మ సన్నటి కొలపుల్లతో ఒక్కో చిగురు లోతు చూస్తూ "మూడు, ఐదు, నాలుగు" అంటుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంది. మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదట. కింది పళ్ల వెనక నుంచి తీసిన గార దూది మీద చూపించింది. మాడిన జొన్నరొట్టె పెచ్చులాగే ఉంది, సిగ్గేసింది.

నా భయం చెప్పాను. "ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియాటమ్ అని నోట్లో ఉండేదే సార్. పెద్దపేగు కణితుల్లో ఎక్కువగా కనబడుతోందని 2012లోనే రాశారు. అందులో ఒక ఉపరకం దాదాపు సగం కణితుల్లో ఉందని 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. కానీ క్లీనింగ్ చేయించుకుంటే క్యాన్సర్ రాదని నేను చెప్పను. మీ నాన్నగారికి వచ్చింది కాబట్టి కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, ఎప్పుడు చేయించుకోవాలో గ్యాస్ట్రో డాక్టర్‌ని అడగండి. ముందు ఆ గుట్కా మానండి" అంది. గుట్కా సంగతి నేను చెప్పనే లేదు!

కౌంటర్ దగ్గర మౌత్‌వాష్ అంటగట్టబోయారు, వద్దన్నాను. పది రోజులకు రక్తం ఆగింది. చల్లనీళ్లకు జివ్వుమనడం ఇంకా ఉంది.