పాత సెస్నా అప్‌గ్రేడ్ల లిస్టు చూసి డిపాజిట్ కట్టేయకండి: డల్లాస్ వైపు కొనేవాళ్లకి హెచ్చరిక

టెక్సస్‌లో పైలట్ లైసెన్స్ తెచ్చుకుని సొంత విమానం కోసం వెతుకుతున్న మనవాళ్లందరూ ఇది చదవండి. మాకు 5,000 డాలర్ల డిపాజిట్ పోయింది. ప్రీ-బై ఇన్‌స్పెక్షన్‌కి (కొనేముందు మెకానిక్‌తో చేయించే తనిఖీకి) కట్టింది వేరే. మాకు విమానం చూపించిన బ్రోకర్ ఎవరో ఈ చుట్టుపక్కల ఎగిరేవాళ్లలో చాలామందికి తెలుసు, పేరు రాయను.

విమానం 1975 నాటి సెస్నా 172ఎం, ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం. నేను, మా బావమరిది కలిసి కొందామనుకున్నాం. ప్రకటన నిండా అప్‌గ్రేడ్లే. రెండు గార్మిన్ జీ5లు (డిజిటల్ డిస్‌ప్లేలు), 430డబ్ల్యూ (జీపీఎస్, రేడియో కలిసిన పరికరం), ఏడీఎస్‌-బీ ట్రాన్స్‌పాండర్ (విమానం ఎక్కడుందో ప్రసారం చేసేది), ఆటోపైలట్, కొత్త పెయింట్, "ఇంజిన్ ఓవర్‌హాల్ అయింది". బిల్లులన్నీ బ్రోకర్ ఒక ఫైల్లో పెట్టి చూపించాడు. ఓనర్ 60,000 పెట్టాడు, మిమ్మల్ని అడిగేది అందులో 35,000 మాత్రమే అన్నాడు. అంటే ఇవేవీ లేని అదే మోడల్ ధర మీద ఇంకో 35,000 అన్నమాట.

ఓనర్ ఎంత ఖర్చు పెట్టాడన్నది కొనేవాడికి అనవసరం. ఈరోజు అందులో ఎంత మిగిలి ఉందన్నదే లెక్క. మా మెకానిక్ లాగ్‌బుక్కులు తీశాక ఇంజిన్ సంగతి బయటపడింది. చేసింది టాప్ ఓవర్‌హాల్, అంటే సిలిండర్లు మాత్రమే. క్రాంక్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్, బేరింగుల జోలికి ఎవరూ పోలేదు. చివరి మేజర్ ఓవర్‌హాల్ (ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం) తర్వాత అప్పటికే 1,400 గంటలు తిరిగింది. ఈ ఇంజిన్‌కి దాన్ని తయారుచేసిన లైకమింగ్ కంపెనీ చెప్పే హద్దు 2,000 గంటలు, లేదా 12 ఏళ్లు. విప్పడం, తిరిగి బిగించడం కలిపి మేజర్ ఓవర్‌హాల్‌కి మాకు చెప్పిన అంచనా 40,000. గంటకి 20 డాలర్లు వేసుకోండి, 28,000 విలువ ఇప్పటికే ఖర్చయిపోయింది. మిగిలిన 600 గంటలకి మనం కొత్త ఇంజిన్ రేటు కట్టాలట!

అది చాలదన్నట్టు ఆ విమానం నెలల తరబడి హ్యాంగర్లో కదలకుండా ఉంది. ఈ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. తిప్పకుండా వదిలేస్తే నూనె కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది. కంప్రెషన్ టెస్టులో అది తెలియదు. ఒక్క సిలిండర్ విప్పి చూస్తామంటే బ్రోకర్ ఒప్పుకోలేదు.

జీ5లు మంచివే, కాదనను. వాటివల్ల పాత మీటర్లని నడిపే వాక్యూమ్ పంపు బాధ తప్పుతుంది. 430డబ్ల్యూతో ఎల్పీవీ అప్రోచ్ (జీపీఎస్ ఆధారంగా రన్‌వే మీదకి దిగడం) చేయొచ్చు, కానీ అది తయారీ ఎప్పుడో ఆగిపోయిన మోడల్. ఏడీఎస్‌-బీ పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 2020 జనవరి 1 నుంచి తప్పనిసరి, డల్లాస్ చుట్టూ అది లేకుండా తిరగలేం. ఉండితీరాల్సిన దానికి అదనపు రేటు ఏమిటి? పెయింట్ గురించి మాట్లాడుకోవడం కూడా దండగ.

అసలు గొడవ ఆటోపైలట్ దగ్గర వచ్చింది. అలాంటిది బిగిస్తే ఫారం 337 (విమానంలో చేసిన పెద్ద మార్పుల కాగితం) నింపాలి. ఒక కాపీ ఓనర్ దగ్గర, ఒకటి ఓక్లహోమా సిటీలో ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రికార్డుల్లో ఉండాలి. మేం రికార్డుల సీడీ తెప్పించాం, అందులో లేదు. లాగ్‌బుక్కులో లేదు. బరువు లెక్కల కాగితంలో కూడా ఆటోపైలట్ ఊసే లేదు. ఈ మాటే హ్యాంగర్లో నిలబడి బ్రోకర్‌ని మర్యాదగా అడిగాను. "కాగితం లేకపోతే విమానం ఎగరడం మానేసిందా? ఇన్నాళ్లూ ఎగురుతూనే ఉంది కదా" అన్నాడు. అయితే డిపాజిట్ వెనక్కి ఇవ్వండి అన్నాను. కాంట్రాక్టు తీసి, ఎయిర్‌వర్దీనెస్ (ఎగరడానికి అర్హత) లోపం ఉంటేనే వాపసు, కాగితం లోపం దాని కిందకి రాదు అన్నాడు. తర్వాత గొంతు పెంచి, అందరికీ వినబడేలా, "మీ బడ్జెట్‌కి విమానాలు ఎందుకు, వెళ్లి మంచి కారు కొనుక్కోండి" అన్నాడు.

ఏలూరు నుంచి వచ్చిన మా నాన్నగారు పక్కనే ఉన్నారు. విమానం చూపిద్దామని నేనే తీసుకెళ్లాను. ఆయనకి ఇంగ్లీషు అంతగా రాదు. కారెక్కాక "ఏమన్నాడురా ఆయన?" అని అడిగితే చెప్పడానికి నాకు నోరు రాలేదు. "పద బావా, వీడితో మనకెందుకు" అంటూ బావమరిదే కారు తీశాడు. ఇది రాస్తుంటే కూడా చేతులు వణుకుతున్నాయి.

కాగితం లోపం లెక్కలోకి రాదని బ్రోకర్ చెప్పింది పచ్చి అబద్ధం. ఎయిర్‌వర్దీ అనడానికి ఎఫ్ఏఏ నిర్వచనంలోనే రెండు షరతులున్నాయి. విమానం ఆమోదించిన డిజైన్‌కి, ఆమోదించిన మార్పులకి సరిపోవాలి. క్షేమంగా ఎగిరే స్థితిలో ఉండాలి. ఈ రెండూ ఉండాలి, ఒకటుంటే చాలదు. ఆమోదం లేకుండా బిగించిన ఆటోపైలట్ ఉన్న విమానం మొదటి షరతులోనే తప్పుతుంది. రేపు యాన్యువల్ ఇన్‌స్పెక్షన్‌లో ఐఏ (తనిఖీ అధికారం ఉన్న మెకానిక్) సంతకం పెట్టనంటే దాన్ని పీకించే ఖర్చు, లేదా ఆమోదం తెచ్చుకునే ఖర్చు కొన్నవాడి నెత్తినే పడుతుంది. ధర పెంచడానికి చూపించిన వస్తువే ధర తగ్గించాల్సిన వస్తువు. ఇన్నేళ్లుగా విమానాలు అమ్ముతున్న మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

కొనేవాళ్లు కనీసం ఇవి చూసుకోండి. డిపాజిట్‌కి ముందే ఓక్లహోమా సిటీ రికార్డులు తెప్పించుకుని, లిస్టులో 337 అవసరమైన ప్రతి అప్‌గ్రేడ్‌కీ అది ఉందో లేదో సరిపోల్చండి. "ఓవర్‌హాల్" అంటే టాపా, మేజరా అని రాతలో అడగండి. బిల్లులు పక్కన పెట్టి, అదే మోడల్ ఇప్పుడు ఎంతకి అమ్ముడవుతోందో వీరెఫ్‌లో (విమానాల ధరల గైడ్‌లో) చూడండి. ప్రీ-బైకి ఆ విమానం మీద ఎప్పుడూ పనిచేయని మెకానిక్‌నే పెట్టుకోండి. కాంట్రాక్టులో "ఏ కారణంతో వద్దనుకున్నా డిపాజిట్ పూర్తిగా వాపసు" అన్న వాక్యం రాయించండి, డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పెట్టండి. వీటికి ఒప్పుకోని బ్రోకర్‌తో మాట ముందుకి పోనివ్వకండి. మా కాంట్రాక్టు ఇప్పుడు లాయర్ దగ్గర ఉంది. ఇదే బ్రోకర్‌తో డిపాజిట్ గొడవ పడినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.